రష్యా వాళ్ల గ్రహాల కథలు స్పుత్నిక్‌తో మొదలవలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మన పేపర్‌లో చంద్రుడి మీదకి, అంగారకుడి మీదకి మనుషులు వెళ్లినట్టు రాసిన పాత కథల గురించి పెద్ద వ్యాసం వేశారు, మొదటి నుంచి చివరి దాకా చదివాను, ఇలాంటివి తెలుగులో వస్తే చాలా సంతోషం వేస్తుంది. కానీ అందులో ఫ్రాన్స్ నుంచి జూల్ వెర్న్, ఇంగ్లండ్ నుంచి వెల్స్, తర్వాత అమెరికా మ్యాగజైన్లు, ఆ తర్వాత టక్కున 1957, రష్యా వాళ్లు పంపిన మొదటి శాటిలైట్ స్పుత్నిక్. అంటే రష్యా వాళ్లు అంతకుముందు ఆకాశం వైపు చూడనే లేదు, ఒకరోజు పొద్దున లేచి రాకెట్ వదిలేశారు అన్నట్టు ఉంది చదివేవాళ్లకి. ఇది నాకు చాలా బాధ అనిపించింది అండి. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా, దయచేసి కోత పెట్టకుండా వేయండి, పెట్టక తప్పదంటే నా సంగతులు తీసేయండి గానీ ఆ రచయితల సంగతులు మాత్రం ఉంచండి.

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. చదువుకునే రోజుల్లో కోఠి వైపు వెళ్తే విశాలాంధ్ర షాపులో రష్యన్ పుస్తకాలు చవగ్గా దొరికేవి, గట్టి అట్ట, మంచి కాగితం, మాస్కోలో అచ్చయిన తెలుగు. అప్పట్నుంచి నాకు ఈ కథల మీద పట్టుదల. రాకెట్ సైన్స్ గురించి క్లాసులో ఎప్పుడు మాట్లాడినా నేను ముందు కథ చెప్పి తర్వాత ఫార్ములా రాస్తాను, ఎందుకంటే రష్యాలో నిజంగా జరిగింది కూడా ఆ వరసలోనే.

1784లో, అంటే ఫ్రాన్స్‌లో మనుషులు మొట్టమొదటిసారి బెలూన్ ఎక్కిన మరుసటి సంవత్సరమే, వసీలీ ల్యోవ్‌షిన్ అనే ఆయన బెల్యోవ్ అనే చిన్న ఊళ్లో కూర్చుని ఒక చంద్రయాత్ర కథ రాశాడు. అప్పుడు అక్కడ కేథరిన్ రాణి పాలన. నర్సిమ్ అనే కథానాయకుడు రెక్కల యంత్రం తయారు చేస్కుని చంద్రుడి మీదకి పోతాడు, అక్కడి జనానికి రాజు లేడు, సైన్యం లేదు, పెద్దవాళ్ల మాట మీద ప్రశాంతంగా బతుకుతుంటారు. ఒక మహారాణి రాజ్యంలో ఉండి రాజు లేని లోకం గురించి రాయాలంటే ఆ లోకాన్ని చంద్రుడి మీద పెట్టక తప్పదు కదా. గాల్లోకి లేచే దారి నిన్నగాక మొన్న దొరికిందో లేదో, అక్కడికి వెళ్తే ఎవరుంటారు, ఎట్లా బతుకుతుంటారు అని వెంటనే ఆలోచన మొదలైంది. తర్వాత వచ్చిన వాళ్లందరిలో ఈ అలవాటే కనిపిస్తుంది.

1830ల్లో ఒదోయెవ్‌స్కీ అనే ఆయన 4338వ సంవత్సరం గురించి ఒక నవల మొదలుపెట్టి పూర్తి చేయలేదు. మరుసటి ఏడాది తోకచుక్క వచ్చి భూమిని గుద్దబోతోందని తెలిసిన కాలం అది, చంద్రుడి మీద ఎవరూ లేరు, భూమికి కావాల్సిన సరుకులు అక్కడ్నుంచి తెచ్చుకుంటుంటారు. దాదాపు రెండొందల ఏళ్ల కిందటి మాట ఇది. ఇవాళ కంపెనీలు చంద్రుడి మీద గనులు తవ్వుతాం అని ప్రెస్ మీట్లు పెడుతుంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఇక అసలు మనిషి కాన్‌స్టాంటిన్ సియోల్‌కోవ్‌స్కీ. ఈయన పేరు మీ వ్యాసంలో ఒక్కసారి కూడా రాలేదు. 1857లో పుట్టాడు, పదేళ్ల వయసులో స్కార్లెట్ ఫీవర్ వచ్చి చెవులు సరిగ్గా వినపడకుండా పోయాయి, దాంతో బడి చదువు ఆగిపోయింది. పదహారేళ్లకి మాస్కో వెళ్లి లైబ్రరీలో కూర్చుని తనంతట తనే లెక్కలు, ఫిజిక్స్ నేర్చుకున్నాడు, ఇంటి నుంచి వచ్చే కొద్ది డబ్బులు పుస్తకాలకీ ప్రయోగాల సామానుకీ పోతే ఎక్కువగా బ్రెడ్ తిని బతికాడు. తర్వాత జీవితమంతా చిన్న ఊళ్లలో బడి పంతులు, ముందు బోరోవ్‌స్క్, తర్వాత కలూగ. వినడానికి రేకుతో గొట్టాలు తనే చేసుకుని చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఈ మనిషి గురించి చెప్తుంటే మా క్లాసులో వెనక బెంచీ వాళ్లు కూడా ఫోన్ లోపల పెట్టేస్తారు.

ఆయన 1893లో ‘చంద్రుడి మీద’ అని ఒక కథ అచ్చు వేశాడు. ఒకాయన పొద్దున్నే నిద్ర లేచి చూస్తే ఇల్లుతో సహా చంద్రుడి మీద ఉంటాడు, తోడు ఒక ఫిజిక్స్ తెలిసిన ఫ్రెండ్. చివరికి అది కల అని తేలుతుంది, కానీ ఆ కలలో ఒక్క తప్పు లెక్క కోసం వెతకండి చూద్దాం. బరువు ఆరో వంతు కాబట్టి ఎగిరితే ఎంత ఎత్తు పోతాం, గాలి లేదు కాబట్టి పట్టపగలు కూడా ఆకాశం నల్లగా ఉంటుంది, నక్షత్రాలు మిణుకుమిణుకుమనవు, పగలు రెండు వారాలు ఉంటుంది, ఆకాశంలో భూమి పెద్ద చందమామలాగా వేలాడుతుంటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్లు 1969లో వెళ్లి చూసొచ్చింది ఇదే కదా, 76 ఏళ్ల ముందు కలూగ పంతులు దీపం వెలుగులో కూర్చుని ఇదంతా చూశాడు. ఆ కథలో విలన్ లేడు, ప్రేమ లేదు, యుద్ధం లేదు. ఇద్దరు మనుషులు ఒక కొత్త చోట రాయిని విసురుతూ, గెంతుతూ, ఆశ్చర్యపోతూ ఉంటారు అంతే, అయినా కింద పెట్టబుద్ధి కాదు.

దానికంటే నాకు ఇష్టమైనది ‘భూమికి అవతల’. 1896లో మొదలుపెట్టాడు, 1918లో ఒక పత్రికలో కొంత భాగం వచ్చింది, 1920లో కలూగలో పూర్తిగా పుస్తకం అయ్యింది. ఆ కథ ఎక్కడ మొదలవుతుందో మన వాళ్లలో ఎంతమందికి తెలుసు? హిమాలయాల్లో! హిమాలయ కొండల మధ్య ఒక కోట, అందులో వేరు వేరు దేశాల నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు, వాళ్ల పేర్లు న్యూటన్, గెలీలియో, లాప్లాస్, హెల్మ్‌హోల్ట్జ్, ఫ్రాంక్లిన్, ఒక రష్యన్ ఇవనోవ్. అందరూ కలిసి రాకెట్ కడతారు. కథ జరిగే సంవత్సరం 2017. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ 2017లోనే ఫిబ్రవరి 15న శ్రీహరికోట నుంచి మన పీఎస్ఎల్‌వీ ఒకే దెబ్బకి 104 శాటిలైట్లు పైకి తీసుకెళ్లింది, వాటిలో ఎక్కువ భాగం బయటి దేశాలవి. అది హిమాలయం కాదు, పులికాట్ సరస్సు పక్కన మన తెలుగు నేల, అయినా ఆ పుస్తకంలో సంవత్సరం చూసి నాకు ఒళ్లు పులకరించింది.

అందులో ప్రయాణం ఎట్లా రాశాడో చూడండి. రాకెట్ లేచేటప్పుడు వచ్చే ఒత్తిడికి మనిషి నలిగిపోతాడు కాబట్టి వాళ్లని నీళ్లలాంటి ద్రవం నింపిన తొట్లలో పడుకోబెడతాడు. పైకి వెళ్లాక మొక్కలు పెంచే గ్రీన్‌హౌస్ కడతారు, ఆ మొక్కలే తిండి, ఆ మొక్కలే ఊపిరి. వెర్న్ తన చంద్రయాత్రలో మనుషుల్ని పెద్ద ఫిరంగిలో పెట్టి పేల్చాడు, కథగా గొప్పదే, నేను తీసిపారేయట్లేదు, కానీ అట్లా పేలిస్తే లోపల ఉన్నవాళ్లు ఆ క్షణంలోనే చచ్చిపోతారు. సియోల్‌కోవ్‌స్కీకి చిన్నప్పుడు వెర్న్ అంటే ప్రాణం, ఆ కథలే తనని ఇటు తిప్పాయని ఆయనే చెప్పుకున్నాడు, కానీ చదివి ఊరుకోలేదు, ఫిరంగి పనికిరాదు, రాకెట్ అయితే వేగం మెల్లగా పెంచుకుంటూ పోవచ్చు, గాలి లేని చోట కూడా పనిచేస్తుంది అని లెక్క వేశాడు. 1903లో ఒక సైన్స్ పత్రికలో ఆ లెక్క అచ్చయింది. ఎంత ఇంధనం మండితే ఎంత వేగం వస్తుంది అనే ఫార్ములా, ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ వాడాలి అనే సలహా, రెండూ అందులో ఉన్నాయి. మన చంద్రయాన్-3ని మోసుకెళ్లిన రాకెట్‌లో పై దశ క్రయోజెనిక్ ఇంజిన్‌లో, అంటే బాగా చల్లబరిచిన ఇంధనం వాడే ఇంజిన్‌లో, మండింది అవే రెండు. మొదట ఊహ, పిట్టకథ వస్తాయి, వాటి వెనక లెక్క వస్తుంది, చివర్న పని జరుగుతుంది అని ఆయనే ఒకచోట రాసుకున్నాడు, అది ఆయన బతుకులో అక్షరాలా జరిగింది.

ఈయన ఒక్కడే అనుకోకండి. 1913లో క్రస్నగోర్‌స్కీ అనే రచయిత ‘ఈథర్ అలల మీద’ అని నవల రాశాడు, అందులో ఓడ శుక్రుడి వైపు బయల్దేరుతుంది, దాన్ని తోసేది సూర్యుడి వెలుగు! వెలుగుకి కూడా కొద్దిగా ఒత్తిడి ఉంటుందని మాస్కోలో లెబెదెవ్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1899 నాటికి ప్రయోగం చేసి చూపించాడు, చాలా నాజూకైన ప్రయోగం, పలచటి రేకు ముక్కల్ని గాలి తీసేసిన గాజు బుడ్డిలో వేలాడదీసి వాటి మీద వెలుగు పడితే ఎంత తిరుగుతాయో కొలిచాడు. ఇంకో పదిహేనేళ్లు గడవకముందే అది నవలలోకి వచ్చేసింది. 2010లో జపాన్ వాళ్లు ఇకారోస్ అనే నౌకకి వెలుగు తెరచాప కట్టి పంపిస్తే అది నిజంగానే శుక్రుడి పక్క నుంచి వెళ్లింది. దాదాపు వందేళ్ల తేడా. ఈ సంగతి చెప్తే మా స్టూడెంట్ ఒకడు మేడమ్ ఇది మీరు ఇప్పుడు కల్పించారా అన్నాడు.

ఇప్పుడు అంగారకుడు. 1877లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త స్కియాపరెల్లి టెలిస్కోప్‌లో గీతలు చూశానని చెప్పిన దగ్గర్నుంచి లోకమంతా అక్కడ కాలువలు తవ్వినవాళ్లు ఉన్నారని నమ్మింది. అందరూ నమ్మిన ఆ మాట మీదే అలెగ్జాండర్ బోగ్దనోవ్ 1908లో ‘ఎర్ర నక్షత్రం’ రాశాడు. మన హైదరాబాద్‌లో మూసీ వరద వచ్చి సగం ఊరు కొట్టుకుపోయిన సంవత్సరం అది. బోగ్దనోవ్ డాక్టర్, తత్వవేత్త, విప్లవకారుడు. 1905 విప్లవం అణగదొక్కేశాక, మనుషులు నిరాశలో ఉన్న టైమ్‌లో రాశాడు. లియోనిద్ అనే రష్యన్‌ని అంగారకుడి నుంచి మారువేషంలో వచ్చిన మెన్నీ అనేవాడు తమ గ్రహానికి తీసుకెళ్తాడు, భూమి తనవైపు గుంజుకునే బలాన్ని తిప్పికొట్టే ఒక రకం పదార్థంతో ఆ ఓడ నడుస్తుంది. అక్కడ డబ్బు లేదు, ఫ్యాక్టరీల్లో పెద్ద బోర్డుల మీద ఏ పనికి ఎంతమంది తక్కువ ఉన్నారో అంకెలు మారుతుంటాయి, అది చూసి ఎవరికి నచ్చిన చోటికి వాళ్లు పనికి పోతారు. పిల్లలు కలిసి ఒక ఊరులా పెరుగుతారు. ఆయుష్షు పెరగడానికి ఒకళ్ల రక్తం ఇంకొకళ్లు ఎక్కించుకుంటారు.

చాలామంది ఈ పుస్తకాన్ని ఇక్కడిదాకా చెప్పి వదిలేస్తారు, ఆదర్శ సమాజం అంతే అని. కానీ అసలు గొప్పతనం తర్వాత వస్తుంది, దాని కోసమే నేను ఈ ఉత్తరం రాస్తున్నా అనుకోండి. ఆ అంగారకుడి మీద అంతా బాగున్నా గ్రహం అయిపోతోంది, అడవులు తగ్గాయి, ఖనిజాలు అయిపోతున్నాయి, జనం పెరుగుతున్నారు. కొత్త చోటు కావాలి. శుక్రుడా, భూమా? అప్పుడు ఒక సభ పెడతారు. స్టెర్నీ అనే శాస్త్రవేత్త చాలా ప్రశాంతంగా, కోపం లేకుండా, లెక్క చెప్పినట్టు చెప్తాడు, భూమి మీద మనుషులు దేశం దేశం అని కొట్టుకుంటారు, మనతో ఎప్పటికీ కలిసి బతకరు, కాబట్టి అక్కడికి వెళ్లాలంటే వాళ్లందర్నీ లేకుండా చేయక తప్పదు అని. నెట్టీ అనే ఆమె లేచి ఎదురు నిలబడుతుంది, భూమి మీద జీవితం మన దానికంటే రకరకాలుగా ఉంది, గొడవలతో ఉంది, అయినా అది ఒక్కసారి పోతే ఈ విశ్వంలో ఇంకెక్కడా మళ్లీ రాదు, దాన్ని చంపే హక్కు మనకెవరిచ్చారు అంటుంది. చివరికి శుక్రుడి వైపు వెళ్దామని నిర్ణయిస్తారు. ఆ సభ రికార్డు విన్న లియోనిద్ తట్టుకోలేక స్టెర్నీని చంపేస్తాడు, వాళ్లు అతన్ని భూమికి పంపించేస్తారు.

వెల్స్ కథలో అంగారకుడి వాళ్లు వచ్చి చంపడం మొదలుపెడతారు, వాళ్ల మధ్య దాని గురించి చర్చ ఏదైనా జరిగిందా లేదా మనకి తెలియదు. బోగ్దనోవ్ ఆ చర్చ లోపలికి మనల్ని తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. ఆ రోజు మన దేశం బ్రిటిష్ వాళ్ల కింద ఉంది. బలం ఉన్నవాడు ఇంకొకడి నేల మీదకి వెళ్లేముందు తన ఇంట్లో కూర్చుని ఏం మాట్లాడుకుంటాడు, ఎంత మర్యాదగా మాట్లాడుకుంటాడు అన్నది మనకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది చెప్పండి. ఈ పుస్తకం తెలుగువాళ్లు చదవాల్సిన పుస్తకం అని నేను గట్టిగా అంటా. 1913లో దీనికి ముందు కథగా ‘ఇంజినీర్ మెన్నీ’ అని ఇంకో నవల కూడా రాశాడు, ఆ కాలువలు ఎట్లా తవ్వారు, తవ్విన కూలీలు ఎంతమంది చచ్చారు, దానికి జవాబు ఎవరిది అనేది అందులో కథ. మన ప్రాజెక్టుల కింద ఊళ్లు పోగొట్టుకున్న వాళ్లు చదివితే ఇంకో రకంగా అర్థమవుతుంది.

ఇంకో మాట. రక్తం మార్చుకోవడం అని కథలో రాశాడు కదా, ఆ మనిషి 1926లో మాస్కోలో రక్త మార్పిడి కోసమే ఒక సంస్థ పెట్టాడు. తన మీదే ప్రయోగాలు చేసుకున్నాడు. 1928లో జబ్బుతో ఉన్న ఒక స్టూడెంట్‌తో రక్తం మార్చుకున్నాడు, ఆ అబ్బాయి బతికాడు, బోగ్దనోవ్ ఏప్రిల్ 7న చనిపోయాడు. 54 ఏళ్లు. తను రాసిన దాన్ని అంతగా నమ్మిన రచయిత ఇంకొకళ్లు నాకు కనపడలేదు.

1923లో పుస్తకంగా వచ్చిన అలెక్సీ తోల్‌స్తోయ్ ‘ఏలిత’ అందరికంటే ఎక్కువ పేరు తెచ్చుకుంది. యుద్ధాలతో దెబ్బతిన్న పెట్రోగ్రాడ్‌లో ఒక గోడ మీద చిన్న కాగితం అంటించి ఉంటుంది, ఇంజినీర్ లోస్ అంగారకుడికి వెళ్తున్నాడు, కూడా రావాలనుకున్నవాళ్లు సాయంత్రం వచ్చి కలవండి అని! ఈ మొదలు నాకు ప్రాణం. ఇల్లు అద్దెకివ్వబడును అన్నంత మామూలుగా. యుద్ధం నుంచి వచ్చిన గూసెవ్ అనే సైనికుడు సరే వస్తా అంటాడు, వాడికి ఏదో ఒక చోట విప్లవం చేయాలి. అక్కడ పాలకుడి కూతురు ఏలిత, లోస్‌తో ప్రేమ, తిరుగుబాటు, ఓటమి. సైన్స్ పరంగా సియోల్‌కోవ్‌స్కీ పక్కన నిలబడదు, మార్షియన్లు, సముద్రంలో మునిగిపోయిందని చెప్పుకునే అట్లాంటిస్ వాళ్ల సంతతి అనడం నాకు నచ్చదు, కానీ కథ చెప్పడంలో మాత్రం మొనగాడు. 1924లో ప్రొతజనోవ్ దాన్ని మూకీ సినిమా తీశాడు, అలెగ్జాండ్రా ఎక్స్‌తెర్ చేసిన ఆ మార్షియన్ డ్రెస్సులు ఇవాళ చూసినా కొత్తగా ఉంటాయి.

ఈ మాటలు చెప్తే మా స్టాఫ్ రూమ్‌లో ఒక సార్ అదంతా పార్టీ ప్రచారం మేడమ్ అనేస్తారు. అందుకే సంవత్సరాలు ఇన్ని రాశాను. 1784, 1893, 1903, 1908, 1913 ఇవన్నీ సోవియట్ ప్రభుత్వం రాకముందువి, అంతా జార్ చక్రవర్తుల కాలం. బోగ్దనోవ్‌ని 1909లో లెనినే తన వర్గం నుంచి బయటికి పంపేశాడు. జమ్యాతిన్ అనే రచయిత 1920-21లో రాసిన ‘మేము’ నవలలో ఇంటెగ్రల్ అనే రాకెట్ కడుతుంటారు, వేరే గ్రహాల వాళ్లు ఇంకా స్వేచ్ఛ అనే అడవి స్థితిలో ఉన్నారు, వాళ్లకి మన క్రమశిక్షణ నేర్పాలి, వినకపోతే బలవంతంగా నేర్పాలి అని ప్రభుత్వం చెప్తుంటుంది. ఆ పుస్తకం వాళ్ల దేశంలో 1988 దాకా అచ్చు కానివ్వలేదు. స్టెర్నీ అన్న మాటనే ఇక్కడ ఒక రాజ్యం అంటోంది చూడండి, ఇది ప్రచారం ఎట్లా అవుతుంది. బెల్యాయెవ్ 1933లో రాసిన ‘శూన్యంలోకి గెంతు’లో ప్రచారం ఉంది, ఒప్పుకుంటా, విప్లవం నుంచి పారిపోయిన డబ్బున్నవాళ్లు శుక్రుడికి వెళ్తారు, ఆ డబ్బున్నవాళ్లలో ఒక్కడు కూడా మనిషిలా ఉండడు, చదువుతుంటే విసుగొస్తుంది. అయినా రాకెట్ గురించి రాసిన పేజీలు శ్రద్ధగా ఉంటాయి, రెండో అచ్చుకి సియోల్‌కోవ్‌స్కీ ముందుమాట రాశాడంటే ఊరికే రాయలేదు.

మరి ఈ కథలకీ స్పుత్నిక్‌కీ లింక్ ఏంటి అంటారేమో. 1923లో ఒడెస్సాలో ఒక పదిహేనేళ్ల కుర్రాడు ఈ పుస్తకాల పిచ్చిలో సియోల్‌కోవ్‌స్కీకి ఉత్తరం రాశాడు, పెద్దాయన జవాబిచ్చి పుస్తకాలు పంపించాడు. ఆ కుర్రాడే వాలెంటిన్ గ్లూష్కో, స్పుత్నిక్‌నీ గగారిన్‌నీ పైకి లేపిన రాకెట్‌కి ఇంజిన్లు చేసింది ఆయనే. త్సాందర్ అని ఇంకో ఇంజినీర్, చిన్నప్పుడే అంగారకుడి పిచ్చి పట్టింది, కూతురికి ఆస్ట్రా అని, కొడుక్కి మెర్క్యురీ అని పేర్లు పెట్టుకున్నాడు, పని మొదలుపెట్టేటప్పుడు పదండి అంగారకుడికి అనేవాడు. ఆయన 1931లో మాస్కోలో ఒక నేలమాళిగలో రాకెట్ల గ్రూపు మొదలుపెడితే అందులో చేరిన కుర్రాళ్లలో ఒకడు సెర్గేయ్ కొరల్యోవ్. 1933 మార్చిలో త్సాందర్ టైఫస్ జ్వరంతో పోయాడు, అదే ఏడాది ఆగస్టు 17న ఆ గ్రూపు రాకెట్ మొదటిసారి 400 మీటర్లు లేచింది. 24 ఏళ్ల తర్వాత కొరల్యోవే స్పుత్నిక్ పంపాడు. మీ వ్యాసంలో ఖాళీగా వదిలేసిన చోట ఇంతమంది ఉన్నారు అండి.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి, ఈ రచయితలు గ్రహాల గురించి చెప్పింది దాదాపు అంతా తప్పు. అంగారకుడి మీద కాలువలు లేవు, 1965లో అమెరికా నౌక మారినర్-4 ఫొటోలు పంపిస్తే గుంతలు తప్ప ఏమీ కనపడలేదు. శుక్రుడి మీద అడవులు, పెద్ద పెద్ద జంతువులు అని రాశారు, 1970లో రష్యా వాళ్ల నౌక వెనెరా-7 దిగి చూస్తే 460 డిగ్రీల పైన వేడి, సీసం కరిగిపోతుంది. కానీ ప్రయాణం గురించి చెప్పింది చాలా వరకు నిజమైంది. రాకెట్, ద్రవ ఇంధనం, బరువు లేని స్థితి, గాలి బయటికి పోకుండా రెండు తలుపుల గది, మొక్కలు పెంచుకోవడం, వెలుగు తెరచాప. చూడలేని చోటు గురించి ఊహించారు కాబట్టి తప్పారు, ప్రయాణం మాత్రం లెక్క వేసి రాశారు కాబట్టి నిలబడింది. పిల్లలకి సైన్స్ అంటే ఏంటో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. రష్యా వాళ్ల సోయుజ్ నౌకలో 1984లో పైకి వెళ్లిన రాకేష్ శర్మ చదువుకుంది ఇక్కడే, అబిడ్స్‌లో బడి, తర్వాత నిజాం కాలేజీ. దేశంలో మొదటి ప్రైవేట్ రాకెట్ 2022 నవంబర్‌లో ఎగిరింది, చేసింది హైదరాబాద్ కంపెనీ. ఇట్లాంటి ఊళ్లో మా పిల్లలకి ఈ కథలు తెలుగులో ఇద్దామంటే నేను తిరిగిన షాపుల్లో దొరకలేదు. ఒకప్పుడు ఉప్పల లక్ష్మణరావు గారు, రా.రా. (రాచమల్లు రామచంద్రారెడ్డి) గారు లాంటివాళ్లు మాస్కోలోనే ఉండి మనకోసం ఎన్ని పుస్తకాలు తెలుగు చేశారు, ఆ చేతులు ఇప్పుడు లేవు, కానీ మన తార్నాక దగ్గర ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో రష్యన్ చెప్తున్నారు కదా, అక్కడ చదివే తెలుగు పిల్లలకి ఈ పని ఇస్తే సంతోషంగా చేస్తారు. ఇంగ్లిష్ నుంచి వద్దు, రష్యన్ నుంచే నేరుగా చేయించాలి. కాపీరైట్ భయం కూడా లేదు, మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్లకి హక్కులు అయిపోతాయి, బోగ్దనోవ్ 1928లో, సియోల్‌కోవ్‌స్కీ 1935లో, తోల్‌స్తోయ్ 1945లో పోయారు.

ఇంకోటి, 1936లో జురవ్ల్యోవ్ అనే దర్శకుడు చంద్రయాత్ర మీద ఒక మూకీ సినిమా తీశాడు, దానికి సలహాదారు సియోల్‌కోవ్‌స్కీయే, బరువు లేని మనుషులు ఎట్లా తేలతారో ఆయన బొమ్మలు గీసి ఇచ్చాడు, వాళ్లు చిన్న చిన్న బొమ్మల్ని ఒక్కో ఫ్రేమ్ కదిపి తీశారు, సినిమా రిలీజ్ అయ్యేసరికి ఆయన లేడు. అదీ, 1924 ఏలితా రెండూ మూకీలే కాబట్టి మధ్యలో వచ్చే రాతల్ని తెలుగులో వేస్తే చాలు, డబ్బింగ్ కూడా అక్కర్లేదు. నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియంలో ఒక ఆదివారం వేస్తే పిల్లలు వస్తారు, మా కాలేజీ వాళ్లని నేను తీసుకొస్తాను, పక్కన నిలబడి వ్యాఖ్యానం చెప్పమన్నా చెప్తాను.

మీరు చేయగలిగిన పని ఒకటుంది ఎడిటర్ గారూ. ఆదివారం పిల్లల పేజీలో ‘భూమికి అవతల’ సీరియల్‌గా వేయండి. పెద్దవాళ్ల పేజీలో ‘ఎర్ర నక్షత్రం’ నుంచి ఆ సభ ఒక్కటి, స్టెర్నీ మాట్లాడింది, నెట్టీ జవాబు చెప్పింది, పూర్తిగా వేయండి, తర్వాత పాఠకుల ఉత్తరాలకి చోటు వదలండి. అనువాదం చూడ్డానికి, సైన్స్ మాటలు సరిచూడ్డానికి నేను ఉచితంగా పని చేస్తాను, నా నంబర్ మీ ఆఫీసుకి వేరే కాగితం మీద రాసి పంపుతున్నా.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
చిక్కడపల్లి, హైదరాబాద్